గోడకి మేకు దిగని చోట: వర్సెయిల్స్‌లో జోవానా వాస్కోన్సెలోస్

2012 జూన్ 19, మంగళవారం. ఆ రోజు పారిస్ దగ్గర, ఒకప్పటి ఫ్రెంచి రాజుల వర్సెయిల్స్ ప్యాలెస్ అద్దాల హాల్లోకి వెళ్ళినవాళ్ళకి ఎదురుగా ఒక జత హైహీల్స్ కనిపించాయి. ఒక్కోటీ దాదాపు 3 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల పైచిలుకు పొడవు, మీటరున్నర వెడల్పు. తోలుతోనో పట్టుతోనో చేసినవి కావు, స్టీలు గిన్నెలూ వాటి మూతలూ పేర్చి కట్టినవి. పేరు ‘మార్లిన్’. చేసింది పోర్చుగల్ కళాకారిణి జోవానా వాస్కోన్సెలోస్. 1971లో పారిస్‌లో పుట్టి, లిస్బన్‌లో పెరిగిన మనిషి.

వర్సెయిల్స్ వాళ్ళు 2008 నుంచి కొన్నేళ్ళ పాటు ఏడాదికొకరిని పిలిచి రాచ గదుల్లో ఇప్పటి కళని పెట్టించారు. 2008లో జెఫ్ కూన్స్, 2009లో జేవియర్ వేలాన్, 2010లో తకాషి మురకామి, 2011లో బెర్నార్ వెనే. ఆ వరసలో పిలుపందుకున్న మొదటి మహిళ వాస్కోన్సెలోస్. సెప్టెంబరు 30 దాకా సాగిన ఆ ప్రదర్శనని 16 లక్షల మంది చూశారని చెప్తారు. ఈ అంకెని కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి. 104 రోజుల్లో ప్యాలెస్ మూసి ఉండే సోమవారాలు 14 పోతే మిగిలేవి 90 రోజులు. అంటే రోజుకి 17,800 మంది చొప్పున. వీళ్ళలో చాలామంది లూయీ రాజుల మంచాలు చూడ్డానికి టికెట్టు కొనుక్కుని, దారిలో గిన్నెల చెప్పులు చూసినవాళ్ళు. కళ కోసమని వచ్చినవాళ్ళు ఎందరో ఆ అంకె చెప్పదు. అయితే నేల మీద పడే బరువుకీ, గాల్లో చేరే తేమకీ, బొమ్మని తాకే చేతులకీ లెక్క మాత్రం ఆ 17,800 మందే.

ఈ ప్రదర్శన మీద రాసినవాళ్ళు ఎక్కువగా గిన్నెల అర్థం గురించే రాశారు: వంటిల్లూ అలంకారమూ, ఇంటి పనీ రాచ వైభవమూ. అది చూడగానే తెలిసే సంగతే. అవి అక్కడ ఎలా నిలబడ్డాయన్నది అంత సులువుగా తెలిసేది కాదు. గోడకి మేకు కొట్టకూడదు, నేల మీద గీత పడకూడదు, పైకప్పుకి కొక్కెం పెట్టకూడదు, మంట దగ్గరికి రాకూడదు. ఇన్ని ‘కూడదు’ల మధ్య 3 మీటర్ల వస్తువు పెట్టాలంటే, దాని రూపంలో సగం స్టూడియోలో తేలితే మిగతా సగం ప్యాలెస్‌లోనే తేలుతుంది. వాస్కోన్సెలోస్ పద్ధతి వేలకొద్దీ చిన్న వస్తువుల్ని లోపలి చట్రం మీద కట్టడం, కుట్టడం, అల్లడం. ఒకే దిమ్మగా పోతపోసిన కంచు బొమ్మకన్నా ఈ పద్ధతి పాత భవనాలకి బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

నేల

ప్యాలెస్ అనగానే అందరూ గోడల గురించి కంగారు పడతారు. ముందు చూడాల్సింది నేల. వర్సెయిల్స్‌లో మొదట పాలరాయి పరిచిన గదులుండేవి. కడిగిన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి దిగి కింది కర్ర దూలాలు కుళ్ళుతుంటే, 1684లో రాయి తీసేసి ఓకు చెక్క పలకలు వేయించారు. దాదాపు మీటరు చదరంగా, లోపల ఏటవాలు అల్లికతో ఉండే ఆ పలకల తీరుకే ఇవాళ ఎక్కడైనా ‘వర్సెయిల్స్ పార్కే’ అని పేరు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. దాని కింద మాత్రం బోలుగా దూలాలు, వాటి మధ్య ఖాళీ.

నేల గురించి అడగాల్సినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. చదరపు మీటరుకి ఎంత మోస్తుంది? అది దూలాల సంగతి. చదరపు సెంటీమీటరుకి ఎంత మోస్తుంది? అది పైచెక్క సంగతి. మొదటిదానికి జవాబు తెచ్చుకుని రెండోది మర్చిపోవడం తరచూ జరిగే తప్పు.

ఉదాహరణకి 1,200 కిలోల వస్తువు నాలుగు కాళ్ళ మీద నిలబడిందనుకోండి. ఒక్కో కాలి కింద 10 సెం.మీ. చదరపు పలక. ఒక్కో పలక మీద 300 కిలోలు, అంటే చదరపు సెంటీమీటరుకి 3 కిలోలు. ఓకు చెక్క నలిగిపోదు గానీ ఇనప పలక అంచు కోసుకుపోయి గాటు పడుతుంది. ఆ కాలు రెండు దూలాల నడుమ పడితే పార్కే పలకే కిందకి వంగి అతుకులు విడతాయి. అదే 1,200 కిలోల్ని 2 మీటర్లు, 4 మీటర్ల వేదిక మీద పరిస్తే చదరపు మీటరుకి 150 కిలోలే. వేదిక బరువు దీనికి కలుపుకోవాలి. కొత్తగా కట్టే మ్యూజియాల్ని చదరపు మీటరుకి 400, 500 కిలోలు మోసేలా కడతారు. పాత కర్ర నేలకి అలాంటి హామీ ఏదీ లేదు. దూలాలు తెరిచి చూసిన ఇంజనీరు ఎంతంటే అంతే, బేరం ఉండదు.

ఇంకొక బరువుని లెక్కలో వదిలేస్తుంటారు: జనం. ఫొటో కోసం ఒక చోట మూగినప్పుడు చదరపు మీటరుకి నలుగురు సులువుగా నిలబడతారు. తలా 70 కిలోలంటే 280. ఆ బరువు సరిగ్గా బొమ్మ చుట్టూనే పడుతుంది. బొమ్మ మోసే దూలాలూ వాళ్ళని మోసే దూలాలూ ఒకటే. కాబట్టి అడ్డుతాడు కట్టేది చేతులు ఆపడానికి మాత్రమే కాదు, ఈ రెండు బరువులూ ఒకే దూలం మీద పడకుండా కూడా. తాడు 1.2 మీటర్ల దూరంలో పెడితే ఫొటోకి అడ్డురాదు, చెయ్యి అందదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 60 కిలోల మనిషి సన్న మడమ చెప్పు వేసుకుని నడిచేటప్పుడు ఒక్క క్షణం ఆ బరువంతా చదరపు సెంటీమీటరంత మొన మీద పడుతుంది. అంటే 60 కిలోలు, మన ఇనప పలక కింద ఉన్నదానికి 20 రెట్లు. వేదిక మీద సరిగ్గా నిలబెట్టిన 3 మీటర్ల చెప్పుకన్నా, దాన్ని చూడ్డానికి వచ్చిన మనిషి కాలి చెప్పే పార్కేకి ఎక్కువ చేటు.

వేదిక కింద పొరలు కింది నుంచి పైకి ఇలా ఉండాలి. మొదట నేలని మెత్తటి బ్రష్షుతో, వాక్యూముతో శుభ్రం చేయాలి. ఒక్క ఇసక రేణువు మూడు నెలలు నలిగితే ఉప్పుకాగితం చేసే పనే చేస్తుంది. దాని మీద 3 నుంచి 5 మిల్లీమీటర్ల పాలిస్టర్ ఫెల్టు, ఆ పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, ఆ పైన ఉక్కు. రబ్బరు షీటు వాడొద్దు. అందులోని నూనెలు చెక్కలోకి దిగి గోధుమరంగు మరక పడితే ఇక పోదు. ప్లాస్టిక్ కాగితం పరిచినా కింద తేమ ఆగిపోతుంది.

తలుపు

రాచ గదుల తలుపులు చాలా ఎత్తుగా ఉంటాయి గానీ వెడల్పు అంతంతే. పైగా చుట్టూ బంగారు పూత. కొలత తీసేటప్పుడు తలుపు రెక్క మందం, బయటికి పొడుచుకొచ్చిన గడియ, గుమ్మం అంచు శిల్పం అన్నీ పోగా మిగిలిన ఖాళీనే రాసుకోవాలి. రెండు వైపులా 10 సెం.మీ. చొప్పున వదలాలి. దారి పొడవునా అన్నింటికన్నా ఇరుకైన చోటే అసలు కొలత. మెట్ల మలుపులో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకేసారి అడ్డొస్తాయి. కాగితం మీద పట్టిన పెట్టె అక్కడ పట్టదు. అందుకని సన్నటి కర్రముక్కలతో పెట్టె సైజు బోలు చట్రం చేసి, ఇద్దరు పట్టుకుని దారంతా ఒకసారి నడిచి రావాలి. అరపూట పని. అది తప్పించుకున్నవాళ్ళు తర్వాత రెండు రోజులు పోగొట్టుకుంటారు.

చిన్న వస్తువులతో కట్టిన పని గొప్పదనం ఇక్కడే తెలుస్తుంది. చట్రాన్ని బోల్టులతో విడిపోయే భాగాలుగా చేసుకుంటే, అతుకు దగ్గర ఒక వరస గిన్నెలో చెంచాలో చివర్లో బిగిస్తే చాలు, గీత కనపడదు. పోత బొమ్మకి ఆ సౌకర్యం లేదు, అతికించిన చోట గీత కనిపిస్తూనే ఉంటుంది.

ఈ ప్రదర్శన కోసమే చేసిన ‘లిలికాప్టర్’ తలుపు లెక్కకి మంచి పాఠం. అది నిజం హెలికాప్టరే, బెల్ 47 రకం. పైన గులాబి రంగు నిప్పుకోడి ఈకలు, స్ఫటికాలు, బంగారు రేకు, లోపల తోలు సీట్లు, పోర్చుగల్‌లోని అరయోలూష్ తివాచీలు. ఫ్రెంచి రాణి మరీ ఆంత్వానెత్ ఇవాళ ఉండుంటే దేంట్లో తిరిగేదన్నది ఊహ. దాని కొలతలు చూడండి: ఎత్తు 3 మీటర్లు, వెడల్పు 2.74, పొడవు 12.65. బెల్ 47 పై రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 11 మీటర్ల పైనే. మరి వెడల్పు 2.74లో ఎలా సరిపోయింది? దానికి రెక్కలు రెండే. రెండింటినీ ఒంటికి సమంగా తిప్పి ఆపితే పొడవులో కలిసిపోతాయి. మూడు రెక్కల యంత్రమైతే గదిలో ఒక రెక్క ఎప్పుడూ గోడ వైపు పొడుచుకునే ఉండేది. బెల్ 47కి ఇంకో చిన్న విశేషం: మామూలు జనం వాడకానికి అమెరికాలో మొదటి అనుమతి పత్రం అందుకున్న హెలికాప్టర్ అదే, 1946 మార్చి 8న. మహిళా దినోత్సవం తేదీ కావడం యాదృచ్ఛికమే.

ఇలాంటి యంత్రం ఏ చారిత్రక భవనంలోకి తెచ్చినా ముందు ఇంధనం, నూనె, బ్యాటరీ పూర్తిగా తీసెయ్యాలి. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకుకన్నా ప్రమాదం. గేరుపెట్టెలో మిగిలిన నూనె వారం తర్వాత చుక్క చుక్కగా కారి ఈకల్లోకి, అక్కణ్ణుంచి చెక్కలోకి దిగుతుంది.

సోమవారం

వర్సెయిల్స్ సోమవారం మూస్తారు. ప్రదర్శన మంగళవారం మొదలై ఆదివారం ముగియడం అనుకోకుండా జరిగింది కాదు. ఇలాంటి చోట భారీ పనికి దొరికేది సాయంత్రం జనం వెళ్ళాక కొన్ని గంటలు, వారానికొక పూర్తి రోజు, అంతే. కాబట్టి పనిని రోజుల్లో కాక గంటల్లో విడగొట్టుకోవాలి. ఎక్కడ ఆపినా మర్నాడు ఉదయం జనం పక్కనుంచి నడిచి వెళ్ళగలిగేలా ప్రతి దశా పూర్తవ్వాలి. సగం ఎత్తిన బొమ్మని అలా వదిలేసి రేపు చూద్దాం అనడానికి లేదు.

వేలాడేవి

120 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు ఉన్న యుద్ధాల గ్యాలరీ 1837లో తెరిచారు. ఫ్రెంచి యుద్ధ విజయాల 33 చిత్రాలు గోడల మీద బారులు తీరి ఉంటాయి. గుర్రాలు, కత్తులు, గెలిచిన మగవాళ్ళు. వాటి మధ్య గాల్లో ‘వాల్కిరీ’లు. నార్డిక్ కథల్లో యుద్ధభూమి మీద ఎగిరే ఆడదేవతల పేరది. ఉన్ని అల్లిక, బట్ట, పూసలు, కుచ్చులతో చేసి, ఉక్కు తీగల మీద వేలాడదీసిన పెద్ద పెద్ద చేతుల రూపాలు. అందులో ఒకదాన్ని పోర్చుగల్‌లోని నీజా ఊరి చేతిపనివాళ్ళ కుట్టుతో కట్టింది. మొత్తం ప్రదర్శనలో అన్నింటికన్నా బాగా అమరినవి ఇవే అనిపిస్తుంది. చెప్పులకి అద్దాలు తోడున్నాయి, ఎక్కడ పెట్టినా మెరిసేవే. వాల్కిరీలకి మాత్రం ఆ గది, ఆ చిత్రాలే కావాలి.

నెత్తి మీద వేలాడే దేనికైనా తీగ తెగే బలం అసలు బరువుకి కనీసం 5 రెట్లు, కింద జనం నడిచే చోట 10 రెట్లు ఉండేలా చూసుకోవడం మంచిది. 300 కిలోల పనికి 3 టన్నుల తీగన్నమాట. నాలుగు తీగలున్నాయి కదా అని నాలుగుతో భాగించకూడదు. తీగల పొడవులో ఒక సెంటీమీటరు తేడా ఉన్నా బరువంతా రెండే మోస్తుంటాయి, మిగతా రెండూ అలంకారం. తీగ ఏటవాలుగా ఉంటే ఇంకో చిక్కు: నిలువుతో 60 డిగ్రీల కోణంలో వాలిన తీగలో లాగుడు రెట్టింపు అవుతుంది. ఇవి కాక వదులుగా ఒక కాపు తీగ ఉండాలి. అసలు తీగ తెగితే బొమ్మ 5 సెం.మీ. మించి జారకముందే అది పట్టుకోవాలి. కాపు తీగని బాగా వదులుగా కడితే జారుడు ఊపుకి అదీ తెగుతుంది.

అల్లిక బొమ్మ బరువు ఒక్కలాగే ఉండదు. ఉన్ని గాల్లో తేమ పీల్చుకుంటుంది. బాగా తేమగా ఉన్న రోజుల్లో తన పొడి బరువులో ముప్పై శాతం దాకా తేమ పట్టగలదు. స్టూడియోలో తూచిన అంకెకి ఇది కలిపి లెక్కెయ్యాలి. కుట్లు కూడా సాగుతాయి. వేలాడదీసిన మొదటి వారంలో కింది అంచు కొన్ని సెంటీమీటర్లు దిగడం మామూలే కాబట్టి, అల్లిక తన బరువు తానే మోయకుండా లోపల పట్టీలు కుట్టి తీగకి కలపాలి.

పైకప్పు మీద 17వ శతాబ్దం బొమ్మలున్న గదిలో కొక్కెం మాటే ఉండదు. అప్పుడు నేల మీదే నిలబడే ఉక్కు ద్వారం లాంటి చట్రం కట్టి, దాని దూలానికి వేలాడదీస్తారు. అందం కొంత తగ్గుతుంది. నేల లెక్కలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

అద్దాల హాలుకి చెరో చివర యుద్ధపు గది, శాంతి గది ఉన్నాయి. వాటిల్లో ‘స్వతంత్ర హృదయం’ వరసలోని రెండు పెట్టారు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఉత్తర పోర్చుగల్‌లోని ‘వియానా దో కాస్తేలో’ అనే ఊరి బంగారు తీగపని హృదయాల నమూనా అది. బంగారం బదులు ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు, కత్తులు. ఎత్తు 3.71 మీటర్లు. మోటారుతో నెమ్మదిగా తిరుగుతుంటే వెనక పోర్చుగల్ గాయని అమాలియా రోద్రిగెష్ పాడిన ఫాదు పాటలు (అక్కడి విషాద గీతాలు) వినిపిస్తాయి. తిరిగే బొమ్మకి గొలుసు పైన బేరింగు లేకపోతే గొలుసు మెలిపడి, ఒక హద్దు దాటాక వెనక్కి విసురుతుంది. చెంచాల ప్లాస్టిక్ సాధారణంగా పాలీస్టైరీన్. వేడిగాలితో 100 డిగ్రీల దగ్గర మెత్తబడి ఎటు కావాలంటే అటు వంగుతుంది, చల్లారాక మళ్ళీ పెళుసు. స్పిరిటుతో గట్టిగా తుడిస్తే సన్నటి పగుళ్ళు పుడతాయి. నీళ్ళలో ఒక చుక్క సబ్బు, మెత్తటి బట్ట చాలు. విరిగేవి ఎలాగూ విరుగుతాయి. ఒకే తయారీ విడతవి కొన్ని వందలు పక్కన పెట్టుకోకపోతే, తర్వాత కొన్న ఎరుపు పాత ఎరుపుతో కలవదు.

ఉన్ని, ఈక, జుట్టు: పురుగుకి విందు

ప్యాలెస్ వాళ్ళకి కొత్త కళంటే ఉన్న భయాల్లో న్యాయమైనది ఇదొకటే అంటాను. ఉన్ని వాల్కిరీ, ఈకల హెలికాప్టర్, రాణి పడకగదిలో పెట్టిన జుట్టు కుచ్చుల గుడ్డు ‘పెరూక్’: ఈ మూడూ బట్టచిమ్మెట పిల్లపురుగులకి ఇష్టమైన తిండి. అక్కణ్ణుంచి అవి 18వ శతాబ్దపు పరుపుల మీదికీ తెరల మీదికీ పోతే ఏ బీమా దాన్ని వెనక్కి తేలేదు.

అందుకని లోపలికి తెచ్చే ముందు గడ్డకట్టించడం. పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత తీసి, అతుకులు మూసి, మైనస్ 30 డిగ్రీల్లో కనీసం మూడు రోజులు. ఇంటి ఫ్రీజరు లాంటి మైనస్ 18 అయితే రెండు వారాలు. ఆ చలి వేగంగా ఎక్కాలి. నెమ్మదిగా చల్లబడితే గుడ్లు తట్టుకుంటాయి. బయటికి తీశాక సంచి విప్పకుండా 24 గంటలు ఆగాలి. వెంటనే విప్పితే గాల్లో తేమంతా చల్లటి ఉన్ని మీద మంచులా దిగి, రంగు పక్కదానికి అంటుతుంది. స్ఫటికాలు జిగురుతో అతికించిన భాగాల్ని మాత్రం చలిలో పెట్టే ముందు ముక్క మీద పరీక్షించాలి, కొన్ని జిగుర్లు ఊడిపోతాయి. ప్రదర్శన రోజుల్లో గదికి రెండు మూడు జిగురు ఉచ్చులు, వారానికోసారి లెక్క. ఒక్క మగపురుగు దొరికినా వెతకడం మొదలుపెట్టాలి.

ఈకల దుమ్ముకి నీళ్ళు పనికిరావు. వాక్యూము గొట్టానికి సన్న వల కట్టి, తక్కువ లాగుడుతో, ఈక మొదలు నుంచి కొన వైపు.

వెలుతురు, మెరుపు

బట్టకీ ఈకకీ వెలుతురు 50 లక్సులు (లక్సు అంటే వెలుతురు కొలత) మించొద్దంటారు. అద్దాల హాల్లో పడమటి తోట వైపు 17 పెద్ద కిటికీలు, ఎదురుగా 357 అద్దాలు. జూన్ మధ్యాహ్నం అక్కడ 50 లక్సుల మాటెత్తితే నవ్వుతారు. ఆ హాలుకి రంగు వెలిసే బట్ట కాకుండా స్టీలు రావడంలో అందంతో పాటు ఈ వివేకమూ ఉంది. స్టీలుకి ఎండ లెక్కలేదు. అయితే మూత ఉబ్బు వైపు బయటికి ఉంటే వెలుగుని చెదరగొడుతుంది. గుంట వైపు బయటికి ఉంటే భూతద్దంలా ఒక చోట చేరుస్తుంది. 60 సెం.మీ. వంపు వ్యాసార్థం ఉన్న గుంట 30 సెం.మీ. దూరంలో ఎండని కూడగడుతుంది. అక్కడ బట్టో చెక్కో ఉంటే కమిలిపోతుంది. రోజంతా గంటకోసారి తెల్లకాగితం పట్టుకుని చుట్టూ తిరిగితే ఆ చుక్కలెక్కడ పడుతున్నాయో తెలిసిపోతుంది.

స్టీలుకి అసలు శత్రువు వేలిముద్ర. చెమటలో ఉప్పు కొన్ని వారాలు ఉంటే గోధుమ చుక్కలవుతుంది. మోసేవాళ్ళు నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి. నూలు గ్లౌజులు జారతాయి, చెమటని స్టీలు మీదికి పంపిస్తాయి.

నిప్పు

ఫ్రాన్స్‌లో జనం తిరిగే భవనాల్లో వాడే సామగ్రికి ఎమ్0 నుంచి ఎమ్4 దాకా తరగతులున్నాయి. ఎమ్0 అసలు మండదు. వేలాడే బట్టకి అడిగేది సాధారణంగా ఎమ్1, అంటే అంటించినా మంటై పాకనిది. ఉన్ని సహజంగానే నెమ్మదిగా కాలుతుంది, నూలు అల్లిక భగ్గుమంటుంది. కాబట్టి నూలు లేసుకి మంటని ఆపే లవణం ద్రావణం చల్లుతారు. ఆ లవణాలు తేమ పీల్చి తెల్లగా పూత దేరతాయి, లోహపు పూసల్ని తినేస్తాయి. చల్లాక ఉతికితే అంతా పోతుంది. కట్టడం అయిపోయాక చల్లడం కన్నా దారం, బట్ట కొనేటప్పుడే ధ్రువపత్రం ఉన్నవి తెచ్చుకోవడం సుఖం. కళాకారులు ఇది ఆఖర్న గుర్తుచేసుకుంటారు. భవనం అగ్నిమాపక అధికారి మొదటి రోజే అడుగుతాడు.

తోటలో

బయట టీకెటిల్ ఆకారంలో ఒకటి, వైను కూజా ఆకారంలో ఒకటి, చేత ఇనుముతో అల్లిన జాలీ గూళ్ళు. ఒకదాని మీద మల్లె జాతి తీగ, రెండోదాని మీద ద్రాక్ష పాకేలా. చారిత్రక తోటలో పునాది తవ్వడం కుదరదు, బరువుతోనే నిలబెట్టాలి. గంటకి 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకి దాదాపు 47 కిలోల ఒత్తిడి తెస్తుంది. జాలీ మధ్యలోంచి గాలి పోతుంది కాబట్టి మొదట్లో ఒత్తిడి తక్కువే. తీగ ఒత్తుగా అల్లుకున్నాక అదే జాలీ తెరచాప. బరువు ఎంత పెట్టాలో ఆకులు నిండిన రోజుకి లెక్కెయ్యాలి.

రానివ్వనిది

‘వధువు’ అన్న పని వర్సెయిల్స్‌కి రాలేదు. వేల టాంపాన్లతో కట్టిన, 6 మీటర్ల దాకా ఎత్తున్న తెల్లటి షాండ్లియరు అది. 2005లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో వాస్కోన్సెలోస్‌కి పేరు తెచ్చిందే అది. ప్యాలెస్ వాళ్ళు వద్దన్నారు. సాంకేతికంగా చూస్తే దాని కన్నా తేలికైన పని దొరకదు: దూది, ఉక్కు, తీగ. అడ్డం వచ్చింది బరువు కాదు, వస్తువు. 2008లో కూన్స్ ప్రదర్శన మీద ఒక రాజవంశపు వారసుడు కోర్టుకెళ్ళి ఓడిపోయాడు, మురకామి మీద సంతకాల ఉద్యమం నడిచింది. అయినా ఆ రెండు ప్రదర్శనలూ జరిగాయి. ఆడవాళ్ళ నెలసరి వస్తువు దగ్గర మాత్రం గుమ్మం ఇరుకైంది. రాణులు బహిరంగంగా, ఆస్థానం చూస్తుండగా ప్రసవించిన భవనంలో ఈ సిగ్గెందుకో! మరుసటి ఏడాది లిస్బన్‌లోని అజూడా ప్యాలెస్‌లో ఆవిడ ప్రదర్శన జరిగినప్పుడు వధువూ అక్కడ వేలాడింది, హెలికాప్టరూ దిగింది.

కాగితాలు, తిరుగు ప్రయాణం

కళాకృతుల రవాణా బీమాని ఫ్రెంచిలో ‘మేకు నుంచి మేకుకి’ అంటారు. స్టూడియోలో మేకు మీంచి తీసిన క్షణం నుంచి తిరిగి అదే మేకుకి తగిలించేదాకా అని. మేకే కొట్టనివ్వని ఇంటికి ఈ పేరు వింతగానే ఉంటుంది. ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాల్సింది: భవనానికి కళాకృతి వల్ల జరిగే నష్టం ఎవరిది, జనం వల్ల కళాకృతికి జరిగే నష్టం ఎవరిది, రోజువారీ దుమ్ము దులిపేది ఎవరు. మూడోదే అందరూ వదిలేసేది, గొడవలన్నీ వచ్చేది అక్కడే.

పెట్టే ముందు గది స్థితిని ఫొటోలతో నమోదు చేయాలి. పార్కే పలకలకి నంబర్లేసి, ప్రతి గీతా, ప్రతి పగులూ స్కేలు పెట్టి తీయాలి. విప్పేటప్పుడు కట్టిన వరసకి తిరగేసి విప్పాలి. తొందరలో పై భాగం తీయకుండా కింద బోల్టు వదులు చేస్తే చట్రం మెలితిరిగి గిన్నెలు సొట్టపోతాయి. చివరికి వేదిక ఎత్తినప్పుడు కింద ఒక దీర్ఘచతురస్రం కనిపిస్తుంది, చుట్టుపక్కల నేల కన్నా కొంచెం వేరే రంగులో. మూడు నెలల ఎండ చుట్టూ ఉన్న చెక్క రంగు మార్చేస్తే, వేదిక కింద ఉన్నది పాత రంగులోనే ఉండిపోయింది. అది దెబ్బ కాదు, కొన్ని నెలల వెలుతురులో దానంతటదే కలిసిపోతుంది. మరకనుకుని ఎవరైనా మైనం రుద్దేలోపు దాన్ని ఫొటో తీసి, పక్కన తేదీ రాసి పెట్టాలి.